వేలెత్తే అధికారం

మనిషి తన వేలు తాను ఎత్తుకోవడానికి పైఅధికారి అనుమతి కావాలనే నిబంధన మా మునిసిపాలిటీలో అమల్లోకి వచ్చిన రోజు, నేను పెసరట్లకి పెసలు నానబోద్దామని కూర్చున్నాను. పెసలున్నాయి. గిన్నె ఉంది. నీళ్లు లేవు. ఆ రెండు సంగతులకీ సంబంధం ఉందని నాకప్పుడు తెలియదు.

మాది గోదావరి కాలవల మీద ఉన్న ఊరు. ఏడాదిలో పది నెలలు ఎటు తల తిప్పినా నీళ్లే. వేసవిలో మాత్రం కాలవలు కట్టేస్తారు. పూడిక తియ్యడానికంటారు. పూడిక తీస్తుండగా నేనెప్పుడూ చూడలేదు గాని, కట్టెయ్యడం మాత్రం క్రమం తప్పకుండా కట్టేస్తారు. అప్పుడు ఊరంతా మంచినీళ్ల చెరువులో దాచిన నీళ్ల మీదే బతకాలి. ఊళ్లో తొమ్మిది వార్డులు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి, ఒకటో వార్డు నుంచి వరసగా, వార్డుకి అరగంట చొప్పున వదిలేవారు. వాల్వులు తిప్పే ఏసుబాబు జేబులో ఒక గడియారం, భుజాన ఒక పొడుగాటి ఇనప తాళం పెట్టుకుని సైకిలు మీద తిరిగేవాడు. ఏ గొడవా ఉండేది కాదు. గొడవ లేదు కాబట్టి ఆధునికీకరణ అవసరమైంది.

ఎనభై ఆరో సంవత్సరం వేసవిలో కమిషనర్ దండాయుధపాణి గారు హైదరాబాదులో ఏదో సదస్సుకి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఒక కంప్యూటర్ తెచ్చారు. పెద్ద ఆఫీసుల్లో చల్లటి గదుల్లో పెట్టే రకం కాదు. విదేశాల్లో పిల్లలు ఇంట్లో ఆడుకునే రకం. అట్టపెట్టె మీద ఒక తెల్ల పిల్లాడు అంతరిక్షంలో దేన్నో కాలుస్తున్న బొమ్మ కూడా ఉంది. ఆ బొమ్మ కనబడకుండా దాని మీద మునిసిపాలిటీ ముద్ర వేయించారు.

ఆ యంత్రానికి మొహం లేదు, టీవీ తగిలించాలి. పార్కులో జనం చూసే టీవీ ఊడబెరికి తెచ్చారు. జ్ఞాపకం కూడా లేదు. పొద్దున్నే టేపురికార్డరు తగిలించి, క్యాసెట్లోంచి దానికి పాఠం చెప్పాలి. క్యాసెట్ తిరుగుతున్నంతసేపూ గొంతు పట్టుకున్న కోడిలా కీచుమని అరిచేది. అరిచి అరిచి, చివరికొచ్చాక, ఎక్కడో తప్పు జరిగింది మళ్లీ చెప్పండనేది. పదింటికి కూర్చుంటే భోజనాల వేళకి ఎక్కేది పాఠం. సాయంత్రం స్విచ్చి తీశారా, నేర్చుకున్నదంతా గోవిందా. మర్నాడు మళ్లీ ఓనమాలే.

కాలేజీలో లెక్కలు చెప్పే ఒకాయన ఆ పాఠం రాసిచ్చాడు. వార్డు అంకె ఉన్న మీట నొక్కితే తెర మీద ఆ వార్డుకి ఎదురుగా ఒక చుక్క పడుతుంది. ఒక చుక్కంటే అరగంట నీళ్లు. అరగంట కాగానే ఒక చుక్క దానంతటదే చెరిగిపోతుంది. ఒక వార్డు చుక్కలన్నీ చెరిగాకే దాని వాల్వు కట్టి, తరవాతి వార్డుది తిప్పాలి. తొమ్మిది మీటలూ ఒక్కొక్కసారి నొక్కితే ఏసుబాబు గడియారం ఏం చేసేదో అదే జరుగుతుంది. అయినా ఇది కంప్యూటర్ ద్వారా జరుగుతుంది. ఏసుబాబు ఇకమీదట గడియారం చూడరాదని, తెర మాత్రమే చూడవలెనని ఆర్డరు వేశారు.

మీటలు నొక్కే బాధ్యత టైపిస్టు భీమలింగం గారికి అప్పగించారు. మీటలతో పరిచయం ఉన్న మనిషి ఆఫీసులో ఆయనొక్కడే. ఆ పరిచయమే కొంప ముంచింది.

భీమలింగం గారు సర్వీసంతా ఒకే టైపు మిషను మీద గడిపారు. దాని మీద మూడు కార్బన్లు పెట్టి కొట్టాలి. అడుగు కాయితం మీద కూడా అక్షరం పడాలంటే మీటని కొట్టడం కాదు, దిగ్గొట్టాలి. దిగ్గొట్టి, తల వంచి, అక్షరం పడిందని కళ్లారా చూసుకునేదాకా వేలు తియ్యకూడదు. టైపు మిషను మీద ఎంతసేపు నొక్కిపట్టినా పడేది ఒక్క అక్షరమే. నేనూ పెళ్లికి ముందు టైపు హయ్యరు ప్యాసయ్యాను. అది ఇనుము. దానికి తొందరలేదు.

ఈ కొత్త యంత్రానికి తొందరెక్కువ. మీట మీద వేలుందా లేదా అని అది రెప్పపాటులో పదిసార్లు తొంగి చూసుకుంటుంది. వేలు పడగానే ఒక చుక్క వేస్తుంది. మర్యాదకి కాస్సేపు ఆగుతుంది. అప్పటికీ వేలు అక్కడే ఉంటే, ఈయనకి ఇంకా కావాలి కాబోలు అనుకుని గడగడా వేసుకుంటూ పోతుంది. పెళ్లిలో లడ్డూలు కొసరి కొసరి వడ్డించేవాళ్లలాగ, విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టేదాకా ఆపదు.

మొదటి రోజు భీమలింగం గారు ఒకటో అంకె మీద వేలు దిగ్గొట్టి, తల వంచి, కళ్లద్దాలు సర్దుకుని, చుక్క పడిందో లేదో చూశారు. పడింది. ఒకటో వార్డుకి ఎదురుగా తెర ఈ కొస నుంచి ఆ కొసకి చుక్కలే. ఏసుబాబు వచ్చి చూసి, ఒకటో వార్డు వాల్వు తిప్పి, దాని పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. సాయంత్రం స్విచ్చి తీసేదాకా తక్కిన ఎనిమిది వార్డుల కుళాయిలూ దగ్గుతూ కూర్చున్నాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కమిషనర్ గారి బంగళా ఒకటో వార్డులో ఉండటం వల్ల ఈ లోపం వెంటనే ఆఫీసు దృష్టికి రాలేదు. బంగళా ముందు గడ్డి మాత్రం బాగా ఎదిగింది.

మావారు, పేరిశాస్త్రి గారు, ఆ ఆఫీసులోనే నీటి విభాగంలో గుమస్తా. యంత్రంతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చెయ్యమని ఆయన నెత్తిన పెడితే, ఇంటికి తెచ్చి నా ముందు పెట్టారు. “నువ్వు బీయస్సీ కదా,” అన్నారు. బీయస్సీలో నేను చదివింది వృక్షశాస్త్రం. అయినా చదివాను. నలభయ్యో పేజీలో ఒక్క వాక్యం ఉంది. అది కొడితే, మీట ఎంతసేపు నొక్కిపట్టినా ఒక్క చుక్కే పడుతుంది. అంతే సంగతి. ఆ పేజీలో గుర్తుగా చీపురుపుల్ల పెట్టి పంపాను.

కమిషనర్ గారితో జరిగిన సంభాషణ మావారు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా పూసగుచ్చినట్టు చెప్పారు.

“ఆ వాక్యం కొడితే ఏమగును శాస్త్రిగారూ?”

“ఒక్క చుక్కే పడుతుందండి.”

“అంటే యంత్రం యొక్క స్వభావం మారును.”

“బాగుపడుతుందండి.”

“బాగుపడుట కూడా మార్పే. ప్రభుత్వ సొత్తు యొక్క స్వభావమును మార్చుటకు మనమెవరం? రోడ్డు రోలరు నెమ్మదిగా నడుచుచున్నదని దానికి గుర్రాన్ని కట్టెదమా?”

“కట్టమండి,” అన్నారట మావారు.

దాని మీద ఒక ఉపసంఘం కూర్చుంది. కూర్చుని, టీ తాగి, ఇలా తేల్చింది: “పరిశీలించగా, మీట నొక్కుటయందు ఎట్టి దోషమును కానరాలేదు. సదరు దోషము వేలు ఎత్తకపోవుటయందు గలదు. నొక్కుట ఒక విధి. ఎత్తుట వేరొక విధి. రెండు విధులను ఒకే ఉద్యోగి నిర్వర్తించుట పరిపాలనా సూత్రములకు విరుద్ధము. కావున ఇందుమూలముగా నొక్కు విభాగము, ఎత్తు విభాగము వేర్వేరుగా ఏర్పాటు చేయడమైనది. నొక్కిన ఉద్యోగి ఎట్టి పరిస్థితులలోను తన వేలును తాను ఎత్తరాదు. మీట నొక్కబడియుండగా స్విచ్చి తీయరాదు.”

ఎత్తు విభాగానికి మావారిని వేశారు.

“అంటే మీరు చెయ్యవలసిందేమిటి?” అన్నాను నేను, ఖాళీ బిందెలో చెయ్యి పెట్టి అడుగు తడుముతూ.

“భీమలింగం గారు నొక్కి, ‘నొక్కబడినది’ అంటారు. నేను లేచి నిలబడి, ‘నొక్కబడినట్లు గమనించితిని’ అనాలి. అని, కమిషనర్ గారి గదికి వెళ్లి, ఎత్తడానికి అనుమతి తీసుకోవాలి. వచ్చి ఎత్తాలి.”

“ఆయన గదిలో ఎవరైనా ఉంటే?”

“వాళ్లు వెళ్లేదాకా బయట బల్ల మీద కూచోవాలి.”

“అంతసేపూ భీమలింగం గారి వేలు మీట మీదే ఉంటుందా?”

“మరి ఎత్తేవాళ్లెవరు?” అన్నారు మావారు. నేనేదో అడగకూడనిది అడిగినట్టు చూశారు.

ఇదివరకు ఒకటో వార్డుకి తెర నిండా చుక్కలు పడేవి. ఎత్తు విభాగం వచ్చాక తెర చాలక చుక్కలు కింది వరసల్లోకి దిగాయి. ఒకరోజు కమిషనర్ గారు అనుమతివ్వకుండానే పక్క ఊళ్లో చలివేంద్రం ప్రారంభించడానికి వెళ్లిపోయారు. ఆ రోజు మావారు ఇంటికి ఆలస్యంగా వచ్చి, “పెరుగన్నం చాలా బాగుందని చెప్పమన్నారు భీమలింగం గారు,” అన్నారు. ఆయన కుడి చూపుడు వేలు డ్యూటీలో ఉండిపోయిందిట. ఎడం చేత్తో తినే అలవాటు లేని మనిషి. మావారే కలిపి ముద్దలు పెట్టారట. కమిషనర్ గారు తిరిగొచ్చి సరేనన్నాక, మావారు చారులో కరివేపాకు తీసినట్టు, రెండు వేళ్లతో ఆ వేలిని పట్టుకుని పైకి తీశారట.

“ఎర్రగా కందిపోయింది పాపం. అయినా ఆయనేమీ అనుకోలేదు. సర్వీసులో ఇంత ప్రాముఖ్యం ఎప్పుడూ రాలేదన్నారు.”

ఎత్తడం ఆలస్యమవుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. లోపం సిబ్బందికి శిక్షణ లేకపోవడమని తేలింది. హైస్కూలు డ్రిల్లు మాస్టారిని పిలిపించారు. రోజూ భోజనం వేళకి ఆఫీసు వసారాలో అందర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరి మధ్యా ఒక ఇటుక పెట్టేవారు. ఒక ఈలకి ఒకరు ఇటుక నొక్కాలి. ఇంకో ఈలకి ఎదుటివాడు ఆ వేలు ఎత్తాలి. కింది ఉద్యోగి పై ఉద్యోగి వేలు ముట్టుకోవచ్చునా అనే సందేహం ఒకటి వచ్చింది. వివరణ కోరుతూ రాజమండ్రిలో ఉన్న పై ఆఫీసుకి రాశారు.

అలాంటి ఒక బుధవారం పొద్దున్న మా పక్కింటి నూకరత్నం గారు వచ్చి, ఖాళీ బిందె ఒకటి నా గుమ్మంలో ఠంగుమని దించింది.

“వదినగారూ! మా సుభాషిణికి రేప్పొద్దున్న ఇరవయ్యొకటో రోజండీ. బారసాల. తల్లికీ పిల్లోడికీ తలకి నీళ్లోసి బయటికి తేవాలి. పన్నెండింటికి ముహూర్తం. అత్తోరు లారీ కట్టించుకొస్తన్నారంట. తలంటు సంగతి దేవుడెరుగు, కాళ్లు కడుక్కోండని సెంబిచ్చే దారి లేదండీ ఇంట్లో!”

“బావి?”

“బావిలో బక్కెట్టేత్తే రాళ్లొత్తన్నాయండి. పిల్లోడి గుడ్డలు ఉతకడానికి లేక మూటగట్టి పెట్టానా? ఆ మూట ఏ గదిలో ఉందో ఈదిలోంచే సెప్పేయొచ్చండీ.”

నేను చెప్పగలను. మర్యాదకి ఊరుకున్నాను.

“మీ ఆయనగారే గదండీ ఏళ్లెత్తే ఆఫీసరు? కూసంత బేగా ఎత్తమని సెప్పకూడదా?”

“ఆయన చేతిలో లేదు వదినగారూ. అనుమతి రావాలిట.”

“ఏలెత్తడానికా!” నూకరత్నం గారు తన వేలు ఎత్తి చూసుకుంది. “మా ఇంట్లో ఎవుళ్లనీ అడగమండి. మా ఆయనతో మాటాడినంతసేపూ నాది ఎత్తే ఉంటది.” అని, ఉన్నట్టుండి గొంతు దించింది. “నా తల్లే, నీళ్లు లేక పచ్చి బాలింతరాల్ని మైలతోటే కూకోబెట్టారని ఆళ్లూరెళ్లి ఆరు నెలలు సెప్పుకుంటారండీ. దాని మొకం సూడలేకపోతన్నాను.”

నేను కాలేజీలో చదువుకున్నదాన్ని, తొందరపడి మాటివ్వకూడదని తెలిసినదాన్ని. “రేపు పొద్దున్నకి నీళ్లుంటాయి,” అన్నాను.

ఆ రోజు మావారి క్యారియరు నేనే పట్టుకెళ్లాను. వెళ్లేసరికి వసారాలో ఈలలు వినబడుతున్నాయి. మావారు డ్రిల్లు మాస్టారి చూపుడు వేలు ఎత్తుతున్నారు. కంప్యూటరు గదిలో ఎవరూ లేరు. పాఠం ఎక్కించిన యంత్రం తెర వెలిగించుకుని, ఎవరైనా నొక్కుతారేమోనని చూస్తూ కూర్చుంది.

క్యారియరు కింద పెట్టాను. ఇంక నా చేతిలో కొత్తావకాయ సీసా ఒకటి మిగిలింది. చిన్నది, తేనె సీసా కడిగి ఆరబెట్టింది. దాన్నెక్కడ పెట్టను? బల్ల నిండా ఫైళ్లు. ప్రభుత్వ ఫైలు మీద నూనె మరక పడితే ఎంత అపచారం! ఖాళీగా కనిపించినవి ఆ మీటలొక్కటే. ఒక పక్కకి వాల్చి, వీపు ఫైళ్ల దొంతరకి ఆనేటట్టు పెట్టాను. సీసా అడుగంచు సరిగ్గా ఏడో అంకె మీద కూర్చుంది. మాది ఏడో వార్డు. ఆ సంగతి సీసాకి తెలియదు.

డ్రిల్లు అయి అందరూ లోపలికి వచ్చేసరికి ఏడో వార్డుకి ఎదురుగా చుక్కలు నిండి, తెర అడుగుదాకా దిగి, ఇంకా పడుతున్నాయి. నేను గోడ పక్క బల్ల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాను.

కమిషనర్ గారిని పిలుచుకొచ్చారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు.

“నొక్కుచున్నది ఎవరు?”

“సీసా అండి,” అన్నారు భీమలింగం గారు.

“ఏ విభాగము?”

“ఆవకాయ అండి.”

“శాస్త్రిగారూ, ఎత్తండి.”

మావారు నిటారుగా నిలబడ్డారు. “నిబంధన ప్రకారం నేను నొక్కిన ఉద్యోగి వేలు మాత్రమే ఎత్తాలండి. ఇది ఉద్యోగి కాదు. పైగా దీనికి వేలు లేదు.”

కాపరానికొచ్చిన ఇన్నేళ్లలో మావారు అంత స్పష్టంగా మాట్లాడగా నేను వినలేదు.

“భీమలింగం గారూ, మీరు?”

“నాది నొక్కు విభాగమండి. నేనేదీ ఎత్తకూడదు. పొద్దున్న భుజం మీంచి కండువా జారిపడితే కూడా ఎత్తుకోలేదండి.” కండువా నిజంగానే కుర్చీ పక్కన నేల మీద ఉంది.

“స్విచ్చి తీసివేసినచో?”

“మీట నొక్కబడియుండగా తీయరాదని తమరి ఆర్డరేనండి.”

కమిషనర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. “వివరణ కోరుతూ రాజమండ్రి రాయండి. వివరణ వచ్చువరకు యథాస్థితి కొనసాగించవలెను.”

అంతలో ఏసుబాబు గుమ్మంలోంచి మెడ సాచి తెర చూశాడు. “ఏడో వార్డండీ? ఎన్నండీ?”

“చివర కనబడటం లేదు,” అన్నారు మావారు.

“అయితే ఎల్లొత్తానండి, ఆయ్,” అని తాళం భుజాన వేసుకున్నాడు.

నేను ఇంటికి చేరేసరికి మా వీధి కుళాయిలు ముందు దగ్గాయి, తరవాత తుమ్మాయి, తరవాత ధారకట్టాయి. బిందెలు, గంగాళాలు, బానలు, చెంబులు, చివరికి ఊరగాయ జాడీల మూతలు కూడా నింపారు జనం. నూకరత్నం గారు మూట విప్పి ఉతికి, పెరడు నిండా తోరణాలు కట్టినట్టు గుడ్డలు ఆరేసింది. పిట్టగోడ మీంచి ఇంత పెద్ద నవ్వు నవ్వింది. ఆ పూట పెసలు నానబోసి తృప్తిగా పడుకున్నాను.

తెల్లారి మంచం మీంచి కాలు దించితే చీలమండ దాకా నీళ్లు.

సాయంత్రం స్విచ్చి తియ్యలేదు కాబట్టి యంత్రం పాఠం మరిచిపోలేదు. సీసా లేవలేదు కాబట్టి చుక్కలు ఆగలేదు. తెల్లవార్లూ మా వార్డు వాల్వు తెరిచే ఉంది. కుళాయి గుంటలు నిండి, మురుగు కాలవలు పొంగి, వీధి ఏరైపోయింది. మా చెప్పుల్లో ఒకటి నూకరత్నం గారి అరుగు దగ్గర కనిపించింది.

“వదినగారూ!” మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టుకుని వచ్చింది నూకరత్నం గారు. “అడిగితే ఇచ్చారు, కాదన్ను. ఇంక సాలని సెప్పండి తల్లీ! ఉయ్యాల కట్టిన గదిలోకి వచ్చేసిందండి. పీటలు తేలతన్నాయి. అత్తోరు లారీలోంచి దిగేదే లేదంటన్నారు!”

“ఏసుబాబుతో చెప్పకపోయారా?”

“సెప్పానండి. ‘తెర మీద సుక్కలుండగా వాల్వు ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడద్దండి, ఆయ్’ అంటన్నాడు.”

వీధి చివరిదాకా నడిచి చూశాను. అక్కడితో మా వార్డు అయిపోతుంది. మా నీళ్లన్నీ వడిగా పారి, హద్దు దగ్గర మురుగు కాలవలో పడుతున్నాయి. దానికి అవతల ఎనిమిదో వార్డు ఆడవాళ్లు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వరసగా నిలబడి, కాలవలో పడుతున్న నీళ్లని చూస్తున్నారు. నన్ను చూసి ఒకావిడ కాస్త పక్కకి తప్పుకుంది, నడవడానికి దారి ఇస్తున్నట్టు.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి ముద్దపప్పు వండాను.

పదింటికల్లా క్యారియరుతో ఆఫీసులో ఉన్నాను. కంప్యూటరు గదిలోనే, సీసాకి ఎదురుగా ఉన్న బల్ల మీద ఫైళ్లు జరిపి మావారికి వడ్డించాను. వేడి అన్నం. పొగలు కక్కే పప్పు. దాని మీద అప్పుడే కాచిన నెయ్యి. వాసన వసారా దాటి కమిషనర్ గారి గదిలోకి వెళ్లింది. వాసనకి అనుమతి అక్కర్లేదు. కమిషనర్ గారి కుటుంబం పిల్లల చదువుల కోసం కాకినాడలో ఉంది. ఆయనకి రెండు పూటలా హోటలు సాంబారే.

“కార్యాలయ వేళలలో భోజనమా?” అంటూ వచ్చారు.

“ఈయనకి పైత్యం అన్నయ్యగారూ. వేళకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. మీరూ ఒక్క ముద్ద తినండి. భీమలింగం గారూ, మీరూ రండి.”

మావారికి పైత్యం లేదు. అయినా సమయానికి కళ్లు తిప్పారు.

కమిషనర్ గారు కూర్చున్నారు. అన్నంలో పప్పు వేసి, నెయ్యి వేసి, శ్రద్ధగా కలిపారు. ముద్ద చేశారు. సగం దూరం ఎత్తి ఆపారు.

“ఇందులోకి... అమ్మా...”

“ఆవకాయే అన్నయ్యగారూ,” అన్నాను. “కాని అది డ్యూటీలో ఉంది.”

అందరూ సీసా వైపు చూశారు. రాత్రంతా ఉండేసరికి నూనె బాగా పైకి తేరింది. గాజులోంచి ఒక ముక్క, టెంకతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది. మావారు గుటక వేశారు. భీమలింగం గారు కండువా కోసం తడుముకున్నారు, లేదని గుర్తొచ్చి ఊరుకున్నారు.

కమిషనర్ గారు చేతిలో ముద్ద వైపు చూశారు. నెయ్యి గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంది. రాజమండ్రి నుంచి వివరణ ఇంకా రాలేదు. ఆయన లేచి, ఎడం చేత్తో సీసా ఎత్తారు.

“ఎత్తబడినది!” అన్నారు మావారు అలవాటు కొద్దీ, అన్నం ముందు లేచి నిలబడి.

“ఎత్తబడినట్లు గమనించితిని!” అన్నారు భీమలింగం గారు. మీట మీద ఏమీ లేదు గనక, నిబంధనలో ఏ అడ్డూ లేక, వెళ్లి స్విచ్చి తీశారు. ఏడో వార్డు చుక్కలన్నీ ఒక్క వెలుగు వెలిగి పోయాయి. వాల్వు కట్టమని ఏసుబాబుకి కబురెళ్లింది. భీమలింగం గారు మళ్లీ స్విచ్చి వేసి, క్యాసెట్ పెట్టి, పరుగున వచ్చి విస్తరి ముందు కూర్చున్నారు.

క్యాసెట్ కీచుమంటుండగా ముగ్గురూ తిన్నారు. ఆ రోజెందుకో పాఠం మొదటిసారికే ఎక్కింది. ఎక్కేసరికి ముగ్గురి చేతులూ పప్పులో ఉన్నాయి. ఖాళీ చెయ్యి ఉన్నది నాకే. సీసా మూత వెతుకుతున్నట్టు బల్ల దగ్గరికి వెళ్లి, నలభయ్యో పేజీలో వాక్యం కొట్టాను. ప్రతి మీటా తాకీతాకనట్టు తాకి వదిలాను. పైట సర్దుకునేంతసేపు పట్టింది.

నేను వచ్చేటప్పటికి మా వీధిలో నీళ్లు పోయి, బురద మిగిలింది. మే నెల ఎండ మిగతా పని చూసుకుంటోంది. నూకరత్నం గారు నింపి పెట్టుకున్న గంగాళాల్లోంచి తల్లికీ బిడ్డకీ నిండుగా తలంటి పోసింది. అత్తవారు లారీ దిగారు. కాళ్లు కడుక్కోడానికి ఒక్కొక్కరికీ రెండేసి చెంబులిచ్చింది, చెప్పుకోడానికి ఏమీ మిగలకుండా. ముహూర్తం తప్పలేదు. పిల్లాడి పేరు మాత్రం నాకు వినబడలేదు, వాడి గొంతు అలాంటిది.

ఆ మధ్యాహ్నం భీమలింగం గారు ఎప్పటిలాగే ఒకటో అంకె మీద వేలు దిగ్గొట్టారు. మావారు గమనించారు, వెళ్లారు, బల్ల మీద కూర్చున్నారు, అనుమతి తెచ్చారు, ఎత్తారు. తెర మీద ఒకటే చుక్క. ఇలాగే తొమ్మిది మీటలూ. ఎనిమిదో వార్డుకి ఐదున్నరకి నీళ్లొచ్చాయని మావారు ఆశ్చర్యపోతూ చెప్పారు.

కమిషనర్ గారు ఆశ్చర్యపోలేదు. “ఎత్తు విభాగము యొక్క స్థాపన, తదుపరి శిక్షణ సత్ఫలితములను ఇచ్చినవి,” అని పైకి రాశారు. పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఎత్తు విభాగానికి ఇంకో రెండు ఉద్యోగాలు మంజూరయ్యాయి. చుట్టుపక్కల మునిసిపాలిటీల నుంచి అధికారులు జీపుల్లో వచ్చి, భీమలింగం గారు నొక్కడం, మావారు ఎత్తడం చూసి, చప్పట్లు కొట్టి, మా ఊళ్లోనూ పెడతామని రాసుకుని వెళ్లారు. మావారు కొత్తవాళ్లకి ఎత్తడంలో మెళకువలు చెబుతున్నారు. గోళ్లు తీసుకుని రావాలిట.

ఆ యంత్రం సంగతి చెప్పాను కదా, సాయంత్రం స్విచ్చి తీస్తే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. నలభయ్యో పేజీ కూడా. అంచేత మర్నాటి నుంచి రోజూ, వాళ్లు వసారాలో ఇటుకలు నొక్కుకునే వేళకి, మావారి క్యారియరు నేనే పట్టుకెళ్లేదాన్ని. మండుటెండలో గొడుగు వేసుకుని ఆ దారంట పోతుంటే జనం చూసేవారు.

“ఎంత పెనిమిటంటే మాత్రం,” అంది నూకరత్నం గారు మనవణ్ణి భుజాన వేసుకుని. “ఒక్క పూట సల్లన్నం తింటే సచ్చిపోతారేటండీ?”

“వేడిగా తింటేనే ఆయనకి పడుతుంది,” అన్నాను.

మావారు కూడా ఆ మాటే నమ్మారు. కొత్తవాళ్ల ముందు నన్ను చూపించి, “మా ఇంట్లో అలవాటండి,” అంటూ కండువా సర్దుకునేవారు. కొన్నాళ్లకి ఆయన నాకో జరీ అంచు చీర కూడా తెచ్చారు.

జూన్‌లో కాలవలు వదిలారు. ఎటు తల తిప్పినా నీళ్లే. ఇక వార్డుల వంతులెత్తేసి పొద్దస్తమానం వదలొచ్చు గనక, మళ్లీ వేసవి దాకా మీటలు నొక్కే పని లేదు. యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి, అట్టపెట్టెలో పెట్టి, సీలు వేశారు. ఎత్తు విభాగం మాత్రం శాశ్వతమైంది.

ఆ రోజు నేను క్యారియరు పట్టుకెళ్లలేదు. ఆఫీసు జవానుతో పంపాను.

సాయంత్రం మావారు వచ్చి, వాలు కుర్చీలో కూర్చున్నారు. కాఫీ ఇస్తే పుచ్చుకుని, “ఏం, నా మీద కోపం వచ్చిందా?” అన్నారు.

“లేదండీ. కాలవలు వదిలారు,” అన్నాను.

ఆ రెండు సంగతులకీ సంబంధమేమిటో ఆయనకి అర్థం కాలేదు.